ఏడాదికోసారి దండ వేసే ఫొటో

ప్రతి సెప్టెంబర్ 15న మన సివిల్ బ్లాక్ మెట్ల దగ్గర తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన ఫొటోకి దండ వేస్తాం. స్వీట్ తింటాం, సెల్ఫీ దిగుతాం, ల్యాబ్‌కి పోతాం. మూడేళ్లు నేనూ అంతే. ఫైనలియర్‌లో మాత్రం ఆయన గురించి కుదురుగా కూర్చుని చదివా. అందులో నా స్వార్థం ఉంది. చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫర్, మనసులో ఎప్పటికైనా సొంత డిజైన్ ఆఫీసు పెట్టాలన్న కోరిక. కోడింగ్‌కి పోవాలా, సైట్‌కి పోవాలా, డిగ్రీ రాగానే బోర్డు కట్టేయాలా? ఎటూ తేలక ఆయన దారి ఎలా సాగిందో చూద్దామనుకున్నా.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మాత్రం మన వైపుదే. గిద్దలూరు దగ్గరి మోక్షగుండం వాళ్ల పూర్వీకుల ఊరు. సంస్కృత పండితుడైన తండ్రి చిన్నప్పుడే పోయారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో 1881లో బీఏ పూర్తిచేశారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పూనాలో ఇంజనీరింగ్ చదివి, 1883లో ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్నారు. ఆ మరుసటేడు బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు.

నేను ఊహించని భాగం ఇక్కడే మొదలైంది. అంత ర్యాంకు తెచ్చుకున్న మనిషి దాదాపు 24 ఏళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నారు. ఊరికే కాలక్షేపం చేయలేదు. సింధు నది ఒడ్డున సుక్కూరుకి మంచినీళ్ల పథకం కట్టారు. దక్కన్ కాలువల కింద నీటిని వంతులవారీగా పంచే బ్లాక్ పద్ధతి తెచ్చారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీరు గరిష్ఠ మట్టం దాటితే గేట్లు వాటంతట అవే లేచి అదనపు నీటిని వదిలేస్తాయి, మట్టం తగ్గగానే మూసుకుంటాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలవచేయొచ్చు. 1906లో ఏడెన్ వెళ్లి అక్కడి నీటి సరఫరా, డ్రైనేజీ చూసొచ్చారు.

కానీ ఆ రోజుల్లో పై కుర్చీ తెల్లవాళ్లదే. ఎంత పనిచేసినా చీఫ్ ఇంజనీర్ కావడం కష్టమని తెలిసిపోయింది. ఇంకొంచెం ఆగితే 25 ఏళ్ల సర్వీసు నిండేది. ఆగలేదు. 1908లో బయటికొచ్చి విదేశాలు చూడటానికి వెళ్లారు.

అదే సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిచింది. 1909లో వచ్చి, పైన చెరువులు వరుసగా తెగడం వరదను ఎంత పెంచిందో లెక్కలతో చూపించి, ఊరికి ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు. అవే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. ఏ శాఖ కుర్చీ లేకుండా, కేవలం తన అనుభవంతో చేసిన పని అది.

తర్వాతి కథ మీకు తెలిసిందే. మైసూరు చీఫ్ ఇంజనీర్, కృష్ణరాజసాగర్, 1912 నుంచి 1918 దాకా దివాన్‌గిరీ, 1955లో భారతరత్న. మన స్టీల్ ప్లాంట్‌కి 1971లో శంకుస్థాపన జరగడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే భద్రావతి ఇనుము కర్మాగారం పనులు చూశారు. మన పోర్టును సముద్రపు కోత నుంచి కాపాడే ఏర్పాటులోనూ ఆయన చేయి ఉందని మన ఊళ్లో చెప్పుకుంటారు. 1962లో, వందేళ్లు దాటాక కన్నుమూశారు.

నాకు అర్థమైంది ఇదీ. ఆయన ఉద్యోగం వదిలిన రోజున చేతిలో పదవి లేదు గానీ, పాతికేళ్ల పని ఉంది. హైదరాబాద్ పిలిచింది ఆ పనినే. నేను ఇప్పుడే బోర్డు కడితే దాని వెనక ఏముంటుంది? నాలుగు డ్రాయింగ్ షీట్లు, ఒక సప్లీ.

అందుకే ఆఫర్ వదులుకున్నా. జూన్‌లో గాజువాక వైపు ఒక చిన్న సైట్‌లో చేరుతున్నా. జీతం ఆ ప్యాకేజీలో సగం కూడా కాదు. నాన్న ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. తప్పు చేశానేమో అని రాత్రుళ్లు అనిపిస్తూనే ఉంటుంది. తేలడానికి ఏళ్లు పడుతుంది.

జూనియర్లకి ఒక్క మాట. వచ్చే సెప్టెంబర్ 15కి నేనుండను. దండ మీరే వేయాలి. ఎండిపోయాక తీసేయడం కూడా మర్చిపోకండి. కిందటేడు మేం వేసింది డిసెంబర్ దాకా అలాగే వేలాడింది.