అంకెల పద్దు చూసిన జాన్ పోస్టెల్

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు దీవుల ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే ఆధారం. అయితే కేబుల్ వేసినంత మాత్రాన కంప్యూటర్లు మాట్లాడుకుంటాయా? మాట్లాడుకోవు. 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్ అని పిలిచిన శ్రీవిజయపురంలోని కంప్యూటర్‌కైనా, శ్రీకాకుళంలోని కంప్యూటర్‌కైనా అంకెల్లో ఒక చిరునామా ఉండాలి. ఆ అంకెల లెక్కను దాదాపు ముప్పై ఏళ్లు చూసిన వ్యక్తి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

జాన్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. లాస్ ఏంజెలెస్‌లో చదువుకున్నారు. ఇంటర్నెట్‌కు ముందు పుట్టిన నెట్‌వర్క్ పేరు అర్పానెట్. 1969 అక్టోబరు 29న దాని మీద మొదటి సందేశం ఆయన చదివే విశ్వవిద్యాలయం నుంచే వెళ్లింది. ఏ పనికి ఏ అంకె ఇచ్చారో ఎవరో ఒకరు రాసి ఉంచాలి కదా! ఆ బాధ్యతను విద్యార్థిగా ఉన్న పోస్టెల్ తీసుకున్నారు.

ఇది చిన్న పని అనుకోకండి. ఒకప్పుడు మన గ్రామాల్లో సర్వే నంబర్ల లెక్క కరణం చూసేవారు. ఒకే నంబరు ఇద్దరి పేర రాస్తే తగాదా తప్పదు. ఒకే నెట్‌వర్క్‌లో రెండు యంత్రాలకు ఒకే చిరునామా ఇచ్చినా అంతే, ఉత్తరం ఎవరికి చేరాలో తెలియదు.

నాలుగు భాగాల చిరునామాను వివరించే పత్రానికి 1981లో పోస్టెల్ సంపాదకులుగా ఉన్నారు. ఒక్కో భాగంలో 0 నుంచి 255 వరకు అంకెలు ఉండవచ్చు. మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు! 1983 జనవరి 1న అర్పానెట్ ఈ పద్ధతికి మారింది. అదే ఏడాది బర్క్‌లీ యూనిక్స్‌లో ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ అనే ఆదేశం వచ్చింది.

ఈ ఆదేశం ఏం చేస్తుంది? కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిసే చోటును ఇంటర్‌ఫేస్ అంటారు. ఆదేశం తరవాత ఇంటర్‌ఫేస్ పేరు, చిరునామా టైపు చేసి, చివర ‘అప్’ అని రాస్తే అది పనిలోకి వస్తుంది. గమనించండి: చిరునామా ఇంటర్‌ఫేస్‌ది, యంత్రానిది కాదు. రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉన్న యంత్రానికి రెండు చిరునామాలు ఉంటాయి. నేటి లినక్స్‌లో ఈ పనికి ‘ఐపీ’ అనే ఆదేశాన్ని ఎక్కువగా వాడుతున్నారు.

127.0.0.1 అనే చిరునామా మాత్రం బయటికి పోదు. యంత్రం తనకు తానే ఉత్తరం రాసుకోవడానికి అది పనికొస్తుంది. 127తో మొదలయ్యే అంకెలు ఈ పనికేనని పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి 1986లో వెలువరించిన జాబితాలో ఉంది.

పోస్టెల్‌కు ఈ అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. తోటివారి నమ్మకమే ఆయన బలం. ఇంటర్నెట్‌లో వ్యాపారం పెరిగాక, ఈ పద్దు ఎవరిదన్న వివాదం మొదలైంది. 1998 జనవరిలో ఆయన కొందరు సర్వర్ల నిర్వాహకులకు లేఖ పంపి, పేర్ల మూల జాబితాను తన దగ్గరి నుంచి తీసుకోమని కోరారు. ఎనిమిది సర్వర్లు అలాగే మారాయి. అమెరికా ప్రభుత్వం తీవ్రంగా అభ్యంతరం చెప్పింది. అది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ పాత పద్ధతికే మళ్లించారు. ఒక్క మనిషి మాటకు ఎంత బరువుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఆ సెప్టెంబరులో ‘ఐకాన్’ అనే సంస్థ ఏర్పడింది. పద్దును దానికి అప్పగించే ఏర్పాట్లు జరుగుతుండగానే, 1998 అక్టోబరు 16న, గుండె జబ్బుతో పోస్టెల్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు.