దామనపల్లి కనుమలో అల్లూరి

1897 జూలై 4న పాండ్రంగిలో జన్మించిన అల్లూరి సీతారామరాజు ఏ సైనిక పాఠశాలలోనూ చదువలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో మన్యంలోని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి తుపాకులు సంపాదించారు. శత్రువు ఆయుధాగారమే ఆయన ఆయుధాగారమైంది.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమ ఎక్కివస్తున్న దళంలో ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్లదొరలపై గురిపెట్టించారు. వారిద్దరూ నేలకూలారు. తుపాకి చేతనుండీ ఎవరిని కాల్చరాదో ముందే నిర్ణయించుకొనుటకు ఎంతటి నిగ్రహం కావాలి! పొట్టకూటికై సర్కారు కొలువు చేసేవానిని ఆయన పగవానిగా ఎంచలేదు.

డిసెంబరు 6న పెద్దగడ్డిపాలెం వద్ద మలబారు పోలీసులతో ఎదురుపోరు మాత్రం కలిసిరాలేదు, అనుచరులు నేలకొరిగారు. ఆపై నెలల తరబడి అజ్ఞాతవాసం. 1924 మే 7న కొయ్యూరులో బందీగా ఉన్న ఆయనను కాల్చిచంపారు. అప్పటికి 27 ఏండ్లైనా నిండలేదు.