సుశ్రుతాచార్యుడు – ఛిద్రాంత్ర చికిత్స

భారతీయ శల్యతంత్రమునకు సుశ్రుతుడు మూలాచార్యుడు. నాసాసంధానము, అశ్మరీహరణము మొదలగువానిని చూపి ఆయనను కొనియాడుట మనకు పరిపాటి. చిల్లుపడిన ప్రేగును చీమలచే కరపించి మూయు విధానమును గూడ ఆ ప్రశంసలో చేర్చుదుము. నేనును నిడదవోలులో పెక్కేండ్లు విద్యార్థులకు అట్లే చెప్పితిని. ఒకనాడు ఒక విద్యార్థి ఆ విధానమున రోగి బ్రదికెనా యని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొని సంహితను మరల చదివినమీదట ఆచార్యుని చరిత్ర వేరొక రూపమున గోచరించినది. దానిని విజ్ఞుల యెదుట నుంచుచున్నాను.

సుశ్రుతుడు విశ్వామిత్రుని కుమారుడని సంహితయే చెప్పుచున్నది. మహాభారతమున అనుశాసనపర్వమందు విశ్వామిత్రపుత్రులలో ఆయన పేరు కలదు. ఆ విశ్వామిత్రుడు గాయత్రీద్రష్టయగు మహర్షియేనా, ఆ పేరుగల మరియొకడా యనునది నిర్ణయింపరానిది. కాశీరాజగు దివోదాసుడు ఆశ్రమమున నుండగా ఔపధేనవుడు, వైతరణుడు, ఔరభ్రుడు, పౌష్కలావతుడు, కరవీర్యుడు, గోపురరక్షితుడు, సుశ్రుతుడు మొదలగువారు ఆయనను సమీపించిరి. వ్యాధిపీడితులగు జనులను చూచి తమకు కలిగిన మనోవ్యథను విన్నవించి ఆయుర్వేదమును ఉపదేశింపుమని ప్రార్థించిరి. ఏ అంగమును బోధింపవలెనని గురువు అడుగగా శల్యమును కోరిరి. అందరి పక్షమున ప్రశ్నించుటకు సుశ్రుతుని నియమించుకొనిరి. ఆయనకు చెప్పినదానిని తక్కినవారు విని గ్రహింతురు. సంహిత మనకు తెలిపిన ఆయన జీవితఘట్టము ఇది. ఆచార్యుడగుటకు ముందు ఆయన ప్రశ్నించు శిష్యుడు.

ఆయన కాలమును గూర్చి ఏకాభిప్రాయము లేదు. హర్న్‌లే పండితుడు క్రీ.పూ. 6వ శతాబ్దికి చేర్చెను. మరికొందరు ఇంకను తరువాతివాడందురు. 1890లో మధ్యఆసియాలోని కూచా ప్రాంతమున లభించిన బవర్ వ్రాతప్రతిలో ఆయన పేరు కనబడుచున్నది. సంహిత పలుచేతులు మారినది. నాగార్జునుడు ప్రతిసంస్కర్త యని డల్హణుడు వ్రాసెను. ఐదు స్థానములందు 120 అధ్యాయములును, ఉత్తరతంత్రమున 66 అధ్యాయములును నేడు మనకు కలవు. ఖాట్మండూలోని కైసర్ గ్రంథాలయమున క్రీ.శ. 878 నాటి తాళపత్రప్రతి కలదు. అధ్యాయారంభములందు ధన్వంతరి పలికెనని చెప్పు వాక్యము నేపాలీయ పాఠమున కానరాదు. కావున మనము సుశ్రుతమతమని చెప్పునది ఒక పరంపర యొక్క మతమని గ్రహించి చదువుట ఉచితము.

ఇక ప్రకృతవిషయము. చికిత్సాస్థానమున రెండవ అధ్యాయము సద్యోవ్రణములకు సంబంధించినది. కడుపు చీలి ప్రేగు వెలికివచ్చినచో గడ్డిపరకలు, రక్తము, దుమ్ము పోవునట్లు పాలతో కడిగి, నెయ్యి పూసి, గోళ్లు తీసికొనిన చేతితో మెల్లగా లోనికి పంపవలెనని విధి. అయితే చిల్లుపడని ప్రేగునే పంపవలెను. చిల్లుపడినదానిని చీమల తలలచే పట్టించి పంపవచ్చునని కొందరు చెప్పుదురని మాత్రము అచట కలదు. ఇది పరమతోల్లేఖము; విధి కాదు.

పదునాలుగవ అధ్యాయము ఉదరరోగములది. అచట పరిస్రావ్యుదరమునకు ఈ క్రియ విధిగానే చెప్పబడినది. నాభికి దిగువను, రోమరాజికి ఎడమవైపున నాలుగంగుళముల దూరమున కోసి, ప్రేగును వెలికి తీసి పరీక్షించి, శల్యమును తొలగించి, చిల్లు అంచులను చేర్చి నల్లచీమలచే కరపించవలెను. కరచిన పిదప వాని దేహములను త్రుంచి తలలను అట్లే విడువవలెను. తరువాత ప్రేగును లోనికి చేర్చి, కడుపును కుట్టి, అతిమధురము కలిపిన నల్లమట్టి పూసి కట్టుకట్టవలెను. రోగిని గాలి తగులనిచోట నూనెతొట్టిలోగాని నేతితొట్టిలోగాని ఉంచి పాలు ఆహారముగా ఇయ్యవలెను.

ఇంతవరకు మనము బోధించుదుము. ఆ అధ్యాయారంభమును దాటిపోవుదుము. ఎనిమిది ఉదరములలో బద్ధగుదము, పరిస్రావి అసాధ్యములనియు, తక్కినవి కష్టసాధ్యములనియు, అన్నింటిని ప్రత్యాఖ్యానము చేసియే చికిత్సింపవలెననియు అచట కలదు. అనగా ఫలమును గూర్చి ఆశపెట్టక, అపాయమును ముందే తెలిపి పూనుకొనవలెను. నా విద్యార్థికి సమాధానమిదియే. బ్రదుకునని ఆచార్యుడు చెప్పలేదు. అసాధ్యమనియే చెప్పి, చేయదగినదానిని చెప్పెను. ఎందరికి చేసిరి, ఎందరు జీవించిరి అను లెక్క సంహితలో లేదు.

యంత్రముల విషయమునను ఈ నిగ్రహమే కానవచ్చును. నూటయొక్క యంత్రములను చెప్పి, వానిలో హస్తమే ప్రధానమనెను. శల్యభేదములు అసంఖ్యాకములు గనుక బుద్ధిమంతుడు స్వబుద్ధితో యంత్రకర్మలను కల్పించుకొనవలెనని అనుజ్ఞ ఇచ్చెను. దేహరంధ్రములలోని రోగమును చూచుటకు నాడీయంత్రములను చెప్పెను. శాస్త్రము చదివినను అభ్యాసము లేనివాడు కర్మకు అనర్హుడని యోగ్యాసూత్రీయాధ్యాయమున నిర్దేశించెను. గుమ్మడి, ఆనప, పుచ్చ, దోసకాయలపై ఛేదనమును, నీరు నింపిన తోలుతిత్తులపై భేదనమును, వస్త్రములపైనను మెత్తని తోలుపైనను సీవనమును శిష్యుడు అభ్యసింపవలెను.

నేటి వైద్యులు ఎండోస్కోపు అను అంతర్దర్శిని ద్వారా, కడుపు కోయకయే, ప్రేగు చిల్లులను లోపలినుండి మూయు సాధనములను నిర్మించుచున్నారు. జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున ఈ శతాబ్ది తొలి దశాబ్దమున రూపొందిన ఒక క్లిప్పు నికెల్, టైటానియముల మిశ్రలోహముతో చేయబడినది. అంచులను గొట్టపు కొనలోనికి పీల్చి విడిచినంతనే దాని దంతములు మూసికొనును. వైద్యులు దానిని ఎలుగుగోరుతో పోల్చుదురు. మృగపక్షుల ముఖములను బట్టి స్వస్తికయంత్రములకు పేరిడిన సుశ్రుతుడు మనకు స్ఫురించుట సహజము. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో డి. నాగేశ్వరరెడ్డి, జి.వి. రావు గార్లు ఆ దశకముననే నోటిద్వారా పోయి, జఠరకుడ్యమున రంధ్రము చేసి, అపెండిక్సు అనబడు ఉండుకమును తొలగించిరి. అట్టి కర్మలో తొలగించుటకంటె చేసిన రంధ్రమును భద్రముగా మూయుటయే కీలకము.

కావున కొత్త సాధనమును ముందుగా పంది జఠరముపైనను ప్రేగుపైనను పరీక్షింతురు. రంధ్రము చేసి మూసి, గాలినిగాని నీటినిగాని నింపి, ఎంత ఒత్తిడికి కారునో కొలిచి, చేతికుట్టుతో పోల్చుదురు. పిదప సజీవజంతువులపైనను, తుదకు మనుష్యులయందును పరీక్ష జరుగును. ఇది మన యోగ్యాక్రమమే యని చెప్పుట సులభము, కాని సరికాదు. యోగ్య హస్తమునకు శిక్షణ, ఇది సాధనమునకు పరీక్ష. చీమలపట్టు ఎంత ఒత్తిడికి నిలుచునో కొలిచినట్లు సంహితలో లేదు. జీవించిన దేహమును తాకుటకు ముందు నిర్జీవమైనదానిపై తప్పులు దిద్దుకొనవలెనను ధర్మబుద్ధి మాత్రము రెండింటికి సమానము.

సుశ్రుతుడు అన్నియు సాధించెనని చెప్పుటవలన ఆయన కీర్తి పెరుగదు. పరమతమును పరమతముగా, అసాధ్యమును అసాధ్యముగా చెప్పి, కొత్త యంత్రమునకు ద్వారము తెరచియుంచుటయే ఆయన గొప్పతనము. పాఠము చెప్పునపుడు చీమల ప్రకరణముతోపాటు ఆ అధ్యాయపు మొదటి వాక్యమును గూడ చదివించవలెనని నా విన్నపము. ఆనాడు నన్ను ప్రశ్నించిన విద్యార్థి కాశీరాజు ఆశ్రమమున సుశ్రుతునికి తోటివారు అప్పగించిన పనినే చేసెను.