అయ్యగారి సాంబశివరావు గారు

హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ తెలియనివారు తక్కువ. బస్సు బోర్డు మీద ఆ పేరు చదివినవాళ్ళు, అక్కడ అద్దెకున్నవాళ్ళు మన దోహాలో ఎందరో ఉన్నారు. ఆ రావుగారు ఎవరని అడిగితే మాత్రం ఎవరో లేఔటు వేసిన పెద్దమనిషి అనుకునేవాళ్ళే ఎక్కువ. ఇక్కడ నజ్మాలో శుక్రవారాలు మేం కలుసుకునే మిత్రుల్లో ముప్పాతిక మంది కంప్యూటర్ ఉద్యోగులం. మాలోనూ ఒకరిద్దరికి తప్ప తెలియదు. సావనీరుకి ఏదైనా రాయమని కమిటీవారు అడగ్గానే ఆయన గురించే రాద్దామనిపించింది.

రావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే కొన్నేళ్ళు పాఠాలు చెప్పారు. 1940ల్లో అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. మనలాగా అక్కడే ఆగిపోలేదు, తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి బృందంలో చేరారు. (ఇది దెప్పిపొడుపు కాదు. నేనూ పదిహేనేళ్ళుగా దోహాలోనే ఉన్నాను.)

ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది అప్సర. ట్రాంబేలో 1956 ఆగస్టు 4న మొదలైన ఈ అణు రియాక్టరు ఆసియాలోనే మొదటివాటిలో ఒకటి. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థను మాత్రం రావుగారి బృందం ఇక్కడే తయారు చేసింది. ఇంధనం ఒకరి దగ్గర కొనుక్కోవచ్చు. రియాక్టరు ఎప్పుడు ఆగాలో చెప్పే సర్క్యూటు లోపల ఏముందో మనకే తెలియకపోతే ఎలా? రియాక్టరు పనిలో మొదటి సూత్రం, ఏది చెడిపోయినా యంత్రం ఆగిపోవాలే తప్ప నడుస్తూ ఉండకూడదు అన్నది. కరెంటు పోయినా, తీగ తెగినా, మీటరు తప్పు చూపినా అంతే. ఇవాళ మా వృత్తిలో ఫైర్‌వాల్ చెడిపోతే దారి మూసుకోవాలా తెరుచుకోవాలా అని గంటలకొద్దీ మీటింగులు పెట్టుకుంటాం. ఆయనకు ఆ ప్రశ్న ట్రాన్సిస్టరు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే ఎదురైంది.

1962 చైనా యుద్ధంలో మన సైన్యానికి సరైన వైర్‌లెస్ సెట్లు కూడా లేవన్న సంగతి దేశాన్ని కలవరపెట్టింది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. మిగతా ముగ్గురు సభ్యులు విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, మన రావుగారు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు! నివేదిక 1966లో వచ్చేసరికి భాభా లేరు, ఆ జనవరిలోనే విమాన ప్రమాదంలో పోయారు. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఈసీఐఎల్ పుట్టింది. ట్రాంబేలో పరికరాలు తయారు చేసే విభాగమే దానికి బీజం. నడిపే బాధ్యత రావుగారిది.

అక్కడ తయారైన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటరు 1969లో బయటికొచ్చింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. మన ఇళ్ళలో చాలామందికి గుర్తుండేది వీటికన్నా ఈసీ టీవీ. పక్కింటి కిటికీలోంచి చూసిన బ్లాక్ అండ్ వైట్ బొమ్మ ఆ కంపెనీదే. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్ళినప్పుడు, అద్దెకు తెచ్చుకున్న యంత్రాలు వాడే సంస్థలకు వాటిని ఎవరు బాగుచేస్తారన్నది సమస్య అయింది. ఆ పని ప్రభుత్వ సంస్థ సీఎంసీ భుజాన పడింది. చేతిలో ఉన్నది మనది కాకపోతే ఏమవుతుందో ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

రావుగారిని పూర్తిగా నెత్తిన పెట్టుకోమని నేననను. ఈసీఐఎల్ కంప్యూటర్లు ఖరీదెక్కువ, రావడం ఆలస్యం, బయటి ప్రపంచం అప్పటికే ముందుకు వెళ్ళిపోయిందని ఆ రోజుల్లోనే విమర్శలున్నాయి. వాటిలో నిజముంది. పోటీ లేనిచోట ఏ సంస్థ అయినా బద్ధకిస్తుంది. అన్నీ మనమే చేసుకోవాలన్న పట్టుదల ఇవాళ ఏ దేశానికీ సాధ్యం కాదు, చిన్న చిప్పులో పది దేశాల పని ఉంటుంది.

అయినా గల్ఫులో ఉద్యోగం చేసేవాడిగా ఆయన పక్కనే నిలబడాలనిపిస్తుంది. 2012 ఆగస్టులో సౌదీ అరామ్‌కోలో ఒక వైరస్ దాదాపు 30,000 కంప్యూటర్లను తుడిచేసింది. అదే నెలలో ఇక్కడి రాస్‌గ్యాస్ ఆఫీసు నెట్‌వర్కూ వైరస్ బారిన పడింది. 2017 మేలో ఖతార్ వార్తా సంస్థ వెబ్‌సైటులోకి చొరబడి అమీరు అనని మాటలు అన్నట్టు పెట్టారు. పన్నెండు రోజుల్లో పొరుగు దేశాలు సరిహద్దులు మూసేశాయి. సౌదీ నుంచి పాలు రావడం ఆగిన ఆ వారం ఇక్కడున్న తెలుగు కుటుంబాల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తలుపులు తెరుచుకునేసరికి 2021 జనవరి వచ్చింది. 2024 జూలై 19న వైరస్ కాదు, రక్షణ కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేరు అప్‌డేటే ప్రపంచమంతటా 85 లక్షల యంత్రాలను పడుకోబెట్టింది. ఈ వార్తలు వచ్చినప్పుడల్లా మేం వేసుకునే ప్రశ్న ఒక్కటే: మన సర్వర్లలో నడుస్తున్నదేమిటో మనలో ఎవరికి తెలుసు?

రావుగారికి 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. ఆయన నిలబెట్టిన ఈసీఐఎల్ 1979లో ఎన్నికల సంఘం కోసం ఓటింగ్ యంత్రం నమూనా తయారు చేసింది. ఆ యంత్రాన్ని ఏ నెట్‌వర్కుకూ కలపరు. దాని మీద వాదోపవాదాలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. రావుగారు 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా మొదటిసారి ఆ యంత్రాల మీదే ఓటు వేసింది.