కుమ్మరి పాలిస్సీ

మార్కాపురపు పలకరాతిని భూమినుండి తీసి, చీల్చి, నునుపు చేసినచో బాలుర చేతికి పలక యగును. కుండ యట్లు గాదు. కుమ్మరి మట్టిని త్రొక్కి సారెపై నెంత చక్కగా తీర్చినను, ఆవములో కాలినగాని యది కుండ కానేరదు. ఆ యగ్ని మర్మమును తెలిసికొనుటకై పదునైదు పదునారేండ్లు ధారపోసిన యొక ఫ్రాన్సు దేశస్థుని చరిత్ర మిది.

బెర్నార్డు పాలిస్సీ 1510 ప్రాంతమున ఆ దేశపు నైరుతి భాగమున జన్మించెను. గ్రీకు, లాటిను భాషలు నేర్వలేదు. గాజుపలకలపై చిత్రములు వ్రాయుటయు భూములు కొలుచుటయు నేర్చి, పెక్కు సీమలు తిరిగి, సెయింతు అను పట్టణమున కాపురముండెను. అచ్చట నొకనాడు తెల్లని గాజుపూత గల మట్టిగిన్నె నొకదానిని చూచెను. మన కడవ నీరు చెమర్చుచుండును. అట్టి పూతగల పాత్రమునుండి చుక్కయైన వెలికి రాదు. ఆ పూత చేయు విధమును తాను కనుగొనవలెనని సంకల్పించెను. అప్పటికి కుమ్మరిపని యాతనికి బొత్తిగా తెలియదు.

తగరము, సీసము, ఇనుము, రాగి మొదలగువానిని నూరి, కుండపెంకులపై పూసి కాల్చెను. పూత కరగలేదు, చేతిసొమ్ము కరగెను. 1543లో ఉప్పుపన్ను నిమిత్తము ప్రభుత్వమువా రాతనిచే ఉప్పుమళ్లను కొలిపించుటచే కొంత ధనము చేకూరగా, మరల ప్రయత్నించెను. కుండల యావముకంటె గాజుకొలిమి వేడిమి మిక్కుటమని గ్రహించి, పెంకుల నచ్చటికి పంపెను. రెండేండ్లకు, మూడువందలకు పైబడిన పెంకులలో నొక్కటి తెల్లగా మెరసి వచ్చెను.

అంతట తానే యిటుకలు వీపున మోసి కొలిమి కట్టెను. ఆరు పగళ్లు, ఆరు రాత్రులు మంట వేసినను పూత కరగలేదు. మరియొక కూర్పు నూరి పూసెను. ఇంతలో కట్టెలైపోయెను. తోటకంచె గుంజలు, పిదప బల్లలు, తుదకు ఇంటినేల పలకలు కొలిమి పాలయ్యెను. ఊరివా రాతనిని పిచ్చివాడనిరి. దొంగనాణెములు చేయుచున్నాడనియు ననిరి. భార్య మొరపెట్టుకొనెను. ఆమెను తప్పుపట్టరాదు, దాదులయొద్ద నున్న యిద్దరు బిడ్డలకు జీతమిచ్చుటకైన సొమ్ములేదు. కూలికి పెట్టుకొన్న కుమ్మరికి తన వస్త్రములనే యిచ్చి పంపివేసెను.

మరియొకసారి కొలిమిగోడలలోని చెకుముకిరాళ్లు వేడికి పగిలి, తునుకలు పాత్రల పూతకు అంటుకొనెను. కుమ్మరికొక యేడు, గుదియకొక పెట్టు అన్న సామెత నిజమయ్యెను. అప్పులవారు వాకిట నుండిరి. తక్కువ వెలకు కొనువారుండినను, చెడిన సరకును తన పేర విక్రయింప నొల్లక అన్నిటిని తానే పగులగొట్టెను. వేరొకసారి బూడిద యెగసి పూతను చెరచెను. అప్పుడు పాత్రల చుట్టు మట్టిగూళ్లుంచి కాల్చుట నేర్చెను. ఇట్లు ప్రతి నష్టమునకును కారణము వెదకి, దానికొక యుపాయమును సాధించెను.

తుదకు పాములు, చేపలు, ఆకులు, గవ్వలు సజీవములవలె గానవచ్చు పళ్లెముల నాతడు చేయగా, ప్రభువులు కొనిరి. సంస్కరణ మతమవలంబించినందున చెరపడినను, రాజకుటుంబపు టాదరమున విడుదల పొంది, పారిసునగరమున ట్విలరీ ఉద్యానమున పనిచేసెను. 1575 మొదలు పండితులకు ప్రకృతిశాస్త్రమునుగూర్చి యుపన్యసించెను. 1580లో ప్రచురించిన గ్రంథమున తన యపజయముల నన్నిటిని దాపక వ్రాసెను. పూతలోని ద్రవ్యముల పేర్లు చెప్పెనేగాని పాళ్లు చెప్పలేదు. శ్రమపడక వచ్చిన విద్య నిలువదని యాతని తలంపు.

1588లో విశ్వాసము నిమిత్తము మరల చెరపట్టబడి, దానిని విడువ నొల్లక, 1590 ప్రాంతమున బాస్టిల్ చెరసాలలో వృద్ధుడై మరణించెను. బాలబాలికలారా! పరీక్షలో నొకసారి తప్పినంతనే పలక పారవేయకుడు. పాలిస్సీవలె, ఎక్కడ తప్పితిమో వెదకి చూడుడు.