రేడియం కన్నా ముందు పియరీ క్యూరీ

పియరీ క్యూరీ అనగానే మనకి మేరీ గుర్తొస్తారు, తర్వాత రేడియం. నాకు మాత్రం ఆయన జింక్ ఆక్సైడ్ థిన్ ఫిల్ముల గురించి చదువుతుంటే దగ్గరయ్యారు. నిజానికి థిన్ ఫిల్ముల మీద ఆయన పని చెయ్యలేదు. కానీ వాటి వెనకున్న ప్రశ్న ఆయనదే.

1859లో పారిస్‌లో పుట్టారు. డాక్టరైన తండ్రి ఆయన్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. పద్దెనిమిదేళ్లకే డిగ్రీ వచ్చినా, డబ్బుల్లేక పైచదువు ఆపి ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరారు.

1880లో అన్న జాక్‌తో కలిసి క్వార్ట్జ్, టూర్మలీన్ స్ఫటికాల్ని నొక్కి చూస్తే విద్యుదావేశం పుట్టింది. అదే పీజోఎలక్ట్రిసిటీ. ఆ స్ఫటికాల్లో కొన్ని దిక్కుల్లో ఈ కొసా ఆ కొసా ఒకటి కాదు, కిటుకు అక్కడుంది. 1885లో ఇంకో మెట్టెక్కారు: ఏ ముఖానికి ఎంత ఉపరితల శక్తి ఉందన్న దాన్ని బట్టే స్ఫటికం ఆకారం తేలుతుందన్నారు.

ఈ రెండూ కలిపి మన ల్యాబ్‌కి రండి. జింక్ ఆక్సైడ్ స్ఫటికానికి ఒక ముఖం జింక్‌తో ముగుస్తుంది, దాని ఎదురు ముఖం ఆక్సిజన్‌తో. అదే వేడి, అదే వాయువు ఇచ్చినా రెండిటి మీదా పొర ఒకేలా పెరగదు. వేగం, నునుపు, మలినాలు పట్టే తీరు, అన్నీ మారతాయి. సఫైర్ మీద పెంచేటప్పుడు మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొర వేస్తారు. దాని మందం మారిస్తే, పైన పెరిగే ఫిల్మ్ ధ్రువతే తిరగబడొచ్చు! కొన్ని నానోమీటర్ల అడుగు పొర పైదాని తలరాత రాస్తుందన్నమాట.

1882 నుంచి రెండు దశాబ్దాలకు పైగా పియరీ, మనలాంటి పిల్లలు చదివే ఒక పారిశ్రామిక విద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. సరైన ల్యాబ్ లేదు. అన్నదమ్ములు చేసిన క్వార్ట్జ్ పరికరంతోనే మేరీ యురేనియం కిరణాల్ని కొలిచారు. ఆ దారిలోనే 1898లో పొలోనియం, రేడియం దొరికాయి. 1903లో నోబెల్ వచ్చింది. ప్రభుత్వం ఇస్తానన్న బిరుదు మాత్రం వద్దన్నారు, తనకి కావాల్సింది ల్యాబ్ అని.

1906 ఏప్రిల్ 19న, వానలో రోడ్డు దాటుతూ గుర్రబ్బండి కింద పడి పోయారు. అప్పటికి 46 ఏళ్లే. కోరుకున్న ల్యాబ్ చూడనేలేదు.

సబ్‌స్ట్రేట్‌ని ఛాంబర్‌లో పెట్టే ముందు ఏ ముఖం పైకుందో ఒకసారి చూసుకోండి ఫ్రెండ్స్. ఆ ప్రశ్నకి నూట నలభై ఏళ్లు దాటాయి.