తాజ్‌మహల్ రాతగాడు అమానత్ ఖాన్

షీరాజ్ నుంచి మన దేశానికి వచ్చిన అబ్దుల్ హఖ్‌గారికి 1632లో షాజహాన్ పాదుషా ఇచ్చిన బిరుదే అమానత్ ఖాన్. అంతకు ముందే సికంద్రాలో అక్బరు సమాధి ద్వారం మీద రాసిన చెయ్యి అది. తాజ్‌మహల్ మీది ఖురాన్ ఆయతుల రాత ఈయనదే. అయితే కలంతో రాస్తే సరిపోదు గదా! రాళ్ళు చెక్కే ఉస్తాదులు తెల్ల పాలరాతిలో ఆ గీత వెంబడే గాడి తీసి నల్లరాయి పొదగాలి. ఒక్క నుఖ్తా జారిందా, అల్లా వాక్కుకే అర్థం మారిపోతుంది. కింద నిలబడ్డవారికి సమానంగా కనబడాలని పైకి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవి చేశారు. లోపల 1635-36 నాటి సంతకం ఆయనది. చెక్కినవాళ్ళ సంతకాలు లేవు. మాకు అదొక్కటే వెలితి. 1639లో సోదరుడు, వజీరు అఫ్జల్ ఖాన్ పోయాక కొలువు వదిలి, పంజాబులో ముసాఫిర్లకు సరాయి కట్టించారు. దాని మీది రాత కూడా తానే రాశారు.